ఆరు మిల్లీమీటర్ల జాగా

సాయంత్రం పూట క్యాంప్‌గ్రౌండ్‌లో నడకకు బయల్దేరినవాళ్లు చెట్లను చూస్తారు, చెరువును చూస్తారు, పక్కవాళ్ల గ్రిల్లు మీద ఏం కాలుతోందో చూస్తారు. నా చూపు మాత్రం ఈ మధ్య చక్రాలు దాటి పైకి పోవడం లేదు. టెక్సస్ స్టేట్ పార్కుల్లో ఏ వరుస చూసినా క్యాంపర్లు బారులు తీరి ఉంటాయి. పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కొచ్చే చక్రాల ఇళ్లు అవి. చక్రం కోసం గోడకు కోసిన కంత చుట్టూ ఒక ప్లాస్టిక్ అంచు బిగించి ఉంటుంది. ఇక్కడ ఫెండర్ స్కర్ట్ అంటారు. మన లారీ డ్రైవర్లయితే దాన్నీ మడ్‌గార్డు లెక్కలోనే వేసి ఊరుకుంటారు. రెండిరుసుల బండికి ఆ అంచు రెండు చక్రాలనూ కలుపుకుంటూ ఆరేడడుగుల పొడవుంటుంది. చాలామందిది పగిలి ఉంటుంది. అదీ ఎక్కడపడితే అక్కడ కాదు. ఏదో ఒక స్క్రూ దగ్గర మొదలై, వంపు తిరిగే మూల మీదుగా, కింది అంచుదాకా పాకి ఉంటుంది. కొందరు నల్ల టేపు అంటించి సరిపెట్టుకున్నారు. కొందరు పగులుకు అటూ ఇటూ బెజ్జాలు పెట్టి జిప్ టైలతో కుట్టేశారు. ఒకాయన బండికి ఆ ముక్కే లేదు, రేకు కోసిన పచ్చి అంచు బయటికి కనబడుతోంది. వేరు వేరు కంపెనీలు, వేరు వేరు ఏళ్లు, పగులు మాత్రం అందరిదీ ఒకేచోట. చేతిలో టీ కప్పుతో పరాయివాళ్ల చక్రాల దగ్గర వంగి చూసే ఆడమనిషిని చూసి వాళ్లేమనుకుంటారో అన్న బిడియం మొదట్లో ఉండేది. ఇప్పుడు వాళ్లే పిలిచి చూపిస్తున్నారు.

మా బండిదీ అదే కథ. కుడివైపు స్కర్టు పైమూల దగ్గర చీలి, ఆ చీలిక పక్కనున్న స్క్రూ ఊడి, వదులైన ముక్క హైవే మీద గాలికి అల్లల్లాడేది. ట్రక్కులో కూర్చున్నవాళ్లకు ఆ చప్పుడు వినపడదు. పక్క అద్దంలో మాత్రం కనపడుతుంది, అదీ నా వైపు అద్దంలోనే. అంటే ఊరూరా ఆ అల్లాటం చూస్తూ కూర్చునే యోగం నాదే. "అది ఊడిపోతే బండి ఆగుతుందా?" అన్నారు మా ఆయన. ఆగదు. అది మోసే బరువంటూ ఏమీ లేదు. కంత అంచును కప్పుతుంది, చక్రం ఎగజిమ్మే నీళ్లూ రాళ్లూ గోడ సందుల్లోకి పోకుండా కాస్త అడ్డుకుంటుంది, తక్కినదంతా చూపు కోసమే. మరి ఇంజనాయిలు మార్చడం రెండు నెలలు వాయిదా పడినా చలించని మనిషిని, పనికి పెద్దగా పనికిరాని ఈ ప్లాస్టిక్ అంచు చీలితే ఎందుకింత ఇదవుతున్నాను? బరువు మోసేవాటికి మనం భయపడతాం గనక అవి బతికిపోతాయి. ఏ బరువూ మోయనిదాన్ని ఎవరూ పట్టించుకోరు. అది తనంతట తానే మూలన చీలుకుంటూ పోతుంది. నాకు నచ్చనిది ఆ చీలిక కాదేమో, అది అలాగే ఉండిపోతుందన్న ధీమా కావచ్చు. లేదా ఇవన్నీ వట్టి మాటలు, అద్దంలో అది నాకొక్కదానికే కనబడుతోందన్న ఉక్రోషం తప్ప మరేం లేదు.

ఈ అంచును ఎక్కువగా ఏబీఎస్ అనే ప్లాస్టిక్కుతో చేస్తారు. ఎక్రిలోనైట్రైల్, బ్యూటడయీన్, స్టైరీన్ అనే మూడింటి కలయిక. ఇందులో బ్యూటడయీన్ రబ్బరు జాతిది. దెబ్బ తగిలితే కాస్త లొంగి, తిరిగి కోలుకునే గుణం దానిదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ముందుగా దాడిచేసేది కూడా దానిమీదే. రబ్బరు గుణం చచ్చిపోయాక మిగిలేది పెళుసుదనం. నల్లది బూడిద రంగుకు తిరుగుతుంది, తెల్లది పసుపెక్కుతుంది, చేత్తో రుద్దితే సుద్దపొడి అంటుతుంది. తయారీ కూడా కొంత కారణం. ప్లాస్టిక్ పలకను వేడిచేసి మెత్తబడ్డాక అచ్చు మీద పరచి, అడుగునుంచి గాలి పీల్చేస్తే పలక అచ్చుకు కరుచుకుంటుంది. చదునుగా ఉన్నచోట మందం అలాగే ఉంటుంది. మూలలకు చేరేసరికి సాగి సాగి పలచబడుతుంది. అంటే వంపు మూల పుట్టుకతోనే బలహీనం. ఆపైన దాన్ని గోడకు బిగించే తీరు ఒకటి. అమెరికాలో తయారయ్యే ఇలాంటి బండ్లలో 80 శాతానికి పైగా ఇండియానా రాష్ట్రంలో, ముఖ్యంగా ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కలే పుడతాయి. అక్కడి ఫ్యాక్టరీల్లో ముక్కకింతని కూలీ ఇచ్చే పద్ధతి ఎక్కువ. కరెంటు స్క్రూగన్ పట్టుకున్న మనిషికి పక్క బండి పిలుస్తూ ఉంటుంది. గన్ కిర్రుమని ఆగేదాకా నొక్కుతాడు, ముందుకు పోతాడు. అతన్ని తప్పు పట్టబుద్ధి కాదు. బిగిసినకొద్దీ పని బాగా చేసినట్టే కదా, ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

ఒకరోజు కాగితం మీద లెక్క వేసి చూశాను. ఏబీఎస్ ఎండకు బాగా సాగే పదార్థం. ఒక డిగ్రీ వేడి పెరిగితే మీటరుకు దాదాపు 0.08 మిల్లీమీటరు పెరుగుతుంది. స్కర్టు పొడవు 2 మీటర్లు. డాలస్ పరిసరాల్లో చలికాలపు తెల్లవారుజాముకూ వేసవి మధ్యాహ్నానికీ 40 డిగ్రీల తేడా అనేది చాలా తక్కువ అంచనా. 2021 ఫిబ్రవరిలో ఇక్కడ సున్నాకు 19 డిగ్రీల కిందికి పోయింది. ఎండలో నల్ల ప్లాస్టిక్ మీద చెయ్యి పెట్టి చూడండి, 60 దాటడం ఏమంత వింత కాదు. సరే, 40 అనే వేసుకుంటే స్కర్టు 6 మిల్లీమీటర్లకు పైగా పొడుగవుతుంది. దాని వెనకున్న అల్యూమినియం గోడ అదే పొడవుకు, అదే వేడికి 2 మిల్లీమీటర్లు కూడా పెరగదు. ఒకరు ఆరడుగుతున్నారు, ఇంకొకరు రెండిస్తున్నారు. మధ్యలో వరసగా స్క్రూలు, కిర్రుమని ఆగేదాకా బిగించినవి. మిగిలిన 4 మిల్లీమీటర్లు ఎక్కడికి పోవాలి? మూలకు పోతాయి. అక్కడ ప్లాస్టిక్ పలచన. మళ్లీ చలికాలం వచ్చేసరికి అదే మూలను ఇటువైపు లాగుతాయి. అందరి బండ్లకూ ఒకేచోట పగులు ఎందుకో ఆ కాగితం మీద తేలిపోయింది. కానీ నన్ను కుదిపింది అది కాదు. ఆ 6 అనే అంకె నాకు అంతకుముందే పరిచయం. దాన్ని మా ఇంట్లో విన్నాను, ఇరవై ఏళ్లు నిండకముందే.

మా నాన్న డోర్నకల్‌లో కీమన్‌గా పనిచేశాడు. రైల్వే భాష తెలియనివాళ్ల కోసం చెప్పాలి: కీమన్ అంటే తన బీటులోని పట్టాల వెంట రోజూ నడుచుకుంటూ పోయి, వదులైన కీలను సుత్తితో కొట్టి బిగించి, బోల్టులను స్పానరుతో చూసుకుంటూ తిరిగొచ్చే మనిషి. ఎండైనా వానైనా, పండగైనా పబ్బమైనా. ఆ రోజుల్లో పట్టాలు 13 మీటర్ల ముక్కలు. ఒక్కో ముక్కకూ మధ్య కాస్త సందు వదిలి, ఇటొకటి అటొకటి ఫిష్ ప్లేట్లు పెట్టి, నాలుగు బోల్టులతో కలిపేవారు. బండి ఆ సందుల మీద పోతున్నప్పుడే ఆ టకటక చప్పుడు. చిన్నప్పుడు ఆ చప్పుడు లేకపోతే నాకు నిద్రపట్టేది కాదు. ఉక్కు ప్లాస్టిక్కులాగా సాగదు, చాలా మొండిది. అయినా 13 మీటర్ల పట్టా 40 డిగ్రీల తేడాకు ఎంత పెరుగుతుంది? సరిగ్గా 6 మిల్లీమీటర్లు. అంత పొడవు ఉక్కుకు ఎంత జాగా కావాలో, మా క్యాంపర్ చక్రం మీది రెండు మీటర్ల ప్లాస్టిక్కుకూ అంతే కావాలి. ఎల్క్‌హార్ట్‌కూ డోర్నకల్‌కూ ఇంతకుమించిన చుట్టరికం నాకు తెలియదు.

వీడియో కాల్‌లో ఫోను చక్రం దగ్గర పెట్టి నాన్నకు చూపించాను. ఇప్పుడాయన ఖమ్మంలో మా తమ్ముడి దగ్గర ఉంటున్నాడు. మోకాళ్లు సహకరించవు, కళ్లు మాత్రం ఇంకా బీటు మీదే ఉన్నాయి. కాసేపు చూసి, "బెజ్జం బోల్టంతే ఉన్నదా, బోల్టు కంటె పెద్దగున్నదా?" అనడిగాడు. స్క్రూ విప్పి చూశాను. "అంతే ఉంది నాన్నా." "మరి పలగదా?" అన్నాడు. ఆ తర్వాత అమెరికాలో వానలు ఎట్లున్నయని అడిగాడు, ఆ విషయం అక్కడితో అయిపోయినట్టే. కానీ నాకు కాలేదు. ఫిష్ ప్లేటు బోల్టు వెళ్లే బెజ్జం బోల్టుకంటే పెద్దదిగా ఉండేదని, పట్టా చలికీ వేడికీ కదలాలంటే అలా ఉండక తప్పదని నాకప్పటిదాకా తట్టలేదు. ఏడాదికోసారి చలికాలంలో గ్యాంగ్‌మన్లు ఆ ఫిష్ ప్లేట్లు విప్పి, గ్రాఫైట్ పొడిని కిరసనాయిలుతో కలిపిన నల్లటి ముద్దను పూసి మళ్లీ బిగించేవారు. నాన్న చేతివేళ్ల గీతల్లో ఆ నలుపు సబ్బుకు పోయేది కాదు. బిగించిందే జారాలి. జారాలి గనక పూత. అప్పుడది నాకు మురికి మాత్రమే. ఇంకో సంగతి కూడా ఆయనే చెప్పాడు, చాలా ఏళ్ల కిందట: పట్టా ఎప్పుడూ నట్టనడుమ పగలదట, ముందు బోల్టు బెజ్జం దగ్గర నక్షత్రంలా చిన్న చిన్న గీతలు మొదలవుతాయట. ఆ గీతలు పట్టుకోవడానికే కీమన్ బతుకు. "ఎప్పుడూ" అనడం పెద్దమనిషి మాట. మరోచోట కూడా పగులుతాయి. కానీ బెజ్జం దగ్గరి నక్షత్రం మాత్రం నిజం. మా స్కర్టు మీద నేను వేలితో తడిమింది అలాంటి దాన్నే.

పగుళ్ల గురించి చదవడం మొదలుపెడితే అది ఆగే చదువు కాదు. ఒక రేకును రెండు చివర్లా పట్టి లాగుతున్నామనుకోండి. మధ్యలో గుండ్రటి బెజ్జం ఉంటే దాని అంచున లాగుడు మామూలుకంటే 3 రెట్లవుతుంది. ఆ బెజ్జాన్నే అడ్డంగా సాగదీసి సన్నం చేస్తూ పోతే కొసల దగ్గర 3 కాస్తా 10, 50, 100 అవుతుంది. కేంబ్రిడ్జిలోని చార్లెస్ ఇంగ్లిస్ 1913లో ఈ లెక్క తేల్చాడు. పగులంటే అదే, అడ్డంగా సాగి సాగి సూదిమొనంత సన్నమైన బెజ్జం. ఫార్న్‌బరోలో విమానాల పరిశోధనలో ఉన్న ఏ.ఏ. గ్రిఫిత్ 1920 ప్రాంతంలో గాజు మీద ప్రయోగాలు చేసి, వస్తువులు లెక్కప్రకారం ఉండాల్సినంత బలంగా ఎందుకుండవో చెప్పాడు. కంటికి కనపడని చిన్న చిన్న పగుళ్లు వాటిలో ముందే ఉంటాయి. పగులు ఒక హద్దు దాటిందంటే ఆపైన పెరగడానికి దానికి బయటినుంచి ఎవరి సాయమూ అక్కర్లేదు, ఆ వస్తువులో దాగిన లాగుడే దాన్ని మేపుతుంది. ఇంత తెలిశాక కూడా 1954లో రెండు కామెట్ విమానాలు, జనవరిలో ఒకటి ఎల్బా దీవి దగ్గర, ఏప్రిల్‌లో ఇంకొకటి నేపుల్స్ దగ్గర, గాల్లోనే విచ్చిపోయి సముద్రంలో పడ్డాయి. అదే ఫార్న్‌బరోలో ఒక విమానాన్ని నీళ్ల తొట్టెలో పెట్టి, లోపలి ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ చూస్తే, కిటికీల్లాంటి కంతల మూలల దగ్గర లోహం అలసి పగుళ్లు పుడుతున్నాయని తేలింది. మా చక్రం కంతను వాటి సరసన పెట్టడం అతి అని తెలుసు. వాటిలో మనుషులున్నారు, ఇక్కడ ఉన్నది నా ఉక్రోషం. కానీ మూల మాత్రం మూలే, అది ఎవరికి చెందినా.

పగులును ఆపే ఉపాయం వినడానికి వింతగా ఉంటుంది. దాని కొసలో ఇంకో బెజ్జం పెట్టాలి. సూదిమొనను గుండ్రం చేస్తే, వందల రెట్లున్న లాగుడు కాస్తా బాగా దిగివస్తుంది. చెప్పినంత తేలిక కాదు, ఎందుకంటే పగులు కొస కనపడేచోట ఉండదు. స్కర్టును విప్పి, సబ్బునీళ్లతో కడిగి, ఆల్కహాలుతో తుడిచి, బోర్లా వేసి, రెండు చేతులా కొద్దిగా వంచి పట్టుకుంటే వెలుగులో తెల్లటి వెంట్రుకలాంటి గీత ఇంకాస్త ముందుకు పోయి ఉంటుంది. నేను అనుకున్నచోటికి వేలి వెడల్పు అవతల. అక్కడ మార్కరుతో చుక్క పెట్టి, 3 మిల్లీమీటర్ల డ్రిల్లు బిట్టుతో, నెమ్మదిగా, కింద చెక్కముక్క ఆనించి. బిట్టు దిగుతుంటే రిబ్బన్లలా ప్లాస్టిక్ చుట్టలు లేచాయి. పైన ఎండ తగిలిన పొర మాత్రం చుట్ట చుట్టుకోలేదు, పొడిగా రాలింది. ఒకే పలకలో రెండు వయసులు. అడుగున ఉన్నది ఇంకా కొత్తదే.

ఇలాంటి పని మొదటిసారి చూసింది మా రైల్వే కాలనీలోనే. "ప్లాస్టిక్ బిందెలకు, బకెట్లకు అతుకులేస్తాం" అని కేకేసుకుంటూ ఒకాయన వచ్చేవాడు. సైకిలు మీద కుంపటి, చదునైన ఇనుప కడ్డీలు, సంచీ నిండా పాత ప్లాస్టిక్ ముక్కలు. బిందె పగులు దగ్గర కొంచెం గీకి, ఆ గీకుడును నిప్పుకు చూపించి వాసన చూసేవాడు. కొవ్వొత్తి ఆర్పినప్పటి వాసన వస్తే ఒకరకం ముక్క తీసేవాడు, ఘాటు పొగ వస్తే తల అడ్డంగా ఊపి బిందె తిరిగిచ్చేసేవాడు. దేనికి దేన్ని అతకాలో ఆ ముక్కు చెప్పేది. జాతి కలవకపోతే ప్లాస్టిక్ ఎంత కరిగించి పెట్టినా అతకదని నాకు ఇక్కడికొచ్చాక ఇంకో రూపంలో తెలిసింది. స్కర్టు వెనకవైపు ఏబీఎస్ అని అచ్చు ఉంది. అచ్చు లేకపోతే చాటున ఒక చుక్క ఎసిటోన్ వేసి చూడొచ్చు. ఏబీఎస్ అయితే జిగటగా మారుతుంది, పాలిథిన్ జాతిదైతే దులిపేసుకుని కూర్చుంటుంది. దానికి మామూలు జిగురేదీ పట్టదు, వేడితో అతకడమే మేలు. ఆ సైకిలాయన అతుకులు దూరానికే తెలిసేవి, నీలం బిందెకు ఎర్ర మచ్చ, పచ్చ బకెట్టుకు తెల్ల మచ్చ. ఎవరూ నామోషీ పడేవారు కారు. ఎన్ని మచ్చలుంటే అన్నేళ్లు నిలిచిన బిందె. ఇక్కడ మాత్రం నేను తెల్ల స్కర్టుకు తెల్ల ముక్కే వెతుక్కున్నాను, మచ్చ కనపడకూడదని. ఎప్పుడు మారానో నాకే తెలియదు.

తెల్ల ఏబీఎస్ దొరికింది మా అబ్బాయి పాత లెగో డబ్బాలో. 1963 నుంచీ లెగో ముక్కల్ని ప్రధానంగా ఏబీఎస్‌తోనే చేస్తున్నారు. వాడు కాలేజీకి వెళ్లిపోయాడు. ఫోన్ చేసి అడిగితే, "అమ్మా, ఏ ఇల్లు కరిగిస్తున్నావో అది మాత్రం చెప్పు" అన్నాడు. విరిగినవీ, జత లేనివీ ఏరి, కటింగ్ ప్లయర్‌తో చిన్న ముక్కలు చేసి, ఖాళీ ఆవకాయ సీసాలో వేసి మునిగేలా ఎసిటోన్ పోశాను. గాజు సీసా ఎందుకంటే చవక ప్లాస్టిక్ గ్లాసును ఎసిటోన్ కళ్లముందే తినేస్తుంది. గ్యారేజీ తలుపు తీసి, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని, మూతపెట్టి ఉంచితే తెల్లారేసరికి ముక్కల ఆనవాలు లేదు, అంతా దోసెపిండిలా అయింది. పగులు పొడవునా వెనకనుంచి వి ఆకారంలో గాడి గీకి, ఆ ముద్ద నింపి, పైన ఫైబర్‌గ్లాస్ జాలీ పరచి, మళ్లీ ముద్ద మెత్తాను. ఎసిటోన్ ఎగిరిపోయేకొద్దీ అది కుంగుతుంది. అందుకని పలచగా పొర మీద పొర వేయాలి, ఒక్కసారే మందంగా మెత్తితే పైన గట్టిపడి లోపల పచ్చిగా ఉంటుంది. ఇది జిగురుతో అంటించడం కాదు. ఎసిటోన్ స్కర్టు అంచును కూడా కాస్త కరిగించి, కరిగిన లెగోతో కలిపేసి, తను పక్కకు తప్పుకుంటుంది. ఎండాక ఎక్కడ స్కర్టు అయిపోయి ఎక్కడ లెగో మొదలైందో వెనకవైపు చూసినా చెప్పలేం. ముందువైపు చెప్పొచ్చు. స్కర్టు తెలుపు ఎండకు పసుపెక్కింది, బొమ్మల తెలుపు డబ్బాలో చీకట్లో ఉండి తెల్లగానే మిగిలింది. మచ్చ పడనే పడింది.

అంతా ఒక దారిలో పడింది, బిగింపే దోషం, జాగాయే మందు అనుకుంటుండగా నాన్నే మళ్లీ అడ్డం పడ్డాడు. "ఇప్పుడు సందులెక్కడున్నయ్ బిడ్డా, అంత వెల్డింగే కద" అన్నాడు ఇంకో కాల్‌లో. నిజమే. ముఖ్యమైన లైన్లలో ఇప్పుడు పట్టాలను కిలోమీటర్ల పొడవున అతికేస్తున్నారు. టకటక పోయింది. మరి వేసవిలో ఆ ఉక్కు పెరుగుదల ఎక్కడికి పోతోంది? ఎక్కడికీ పోవడం లేదు. చలికీ ఎండకూ నడిమి వేడిలో పట్టాను బిగించేస్తారు. ఎండకాలం అది పెరగాలనుకుంటుంది, స్లీపర్లూ కంకరా కదలనివ్వవు. ఆ పెరుగుదలంతా ఒత్తిడిగా పట్టాలోనే దాగి ఉంటుంది. కంకర చెదిరినచోట, వేడి మరీ మీరిన మధ్యాహ్నం ఒక్కోసారి పట్టా వంకర తిరుగుతుంది. అందుకే ఎండలు ముదిరినప్పుడు గస్తీ. అంటే జాగా ఇవ్వడం ఒక్కటే దారి కాదన్నమాట. పట్టుకునేదానికి సత్తా ఉంటే, పట్టుబడినదానికి ఓపిక ఉంటే, జాగా లేకుండా కూడా ఏళ్లకేళ్లు నడుస్తుంది. ఇంకా సుఖంగా నడుస్తుంది, ప్రయాణికులకు చప్పుడే ఉండదు. నేను తయారుచేసుకున్న చిన్న సిద్ధాంతం అక్కడ ఇరుకున పడింది. స్కర్టుకు ఆ దారి లేదు, పలచటి ప్లాస్టిక్‌కు ఉక్కు ఓపిక ఉండదు, అదొక్కటే నాకు మిగిలిన ఊరట. కానీ మనుషుల గురించి ఈ స్క్రూల మీదనుంచి ఏదో చెప్పేద్దామని నాలో ఎక్కడో తయారవుతున్న ఉపన్యాసం ఆ కాల్‌తో ఆగిపోయింది. మంచిదే అయింది.

తిరిగి బిగించడం పెద్ద కథేం కాదు. స్కర్టు బెజ్జాలన్నీ స్క్రూ కాడకంటే కొంచెం పెద్దవి చేశాను. రెండు చివర్లవీ పొడవు దిశలో సాగదీశాను, ఎందుకంటే కదలిక పోగుపడేది చివర్లలోనే. మధ్య స్క్రూ ఒక్కటీ మామూలుగానే, ఎక్కడో ఒకచోట లంగరు ఉండాలి కదా. గోడవైపు చెక్కలో రెండు బెజ్జాలు పుచ్చి స్క్రూ తిరిగిపోతోంది. పుచ్చిన చెక్క గోకేసి, ఎపాక్సీ నింపి, ఆరాక కొత్తగా బెజ్జం వేశాను. వెనక బ్యూటైల్ టేపు, అది ఏళ్లు గడిచినా మెత్తగానే ఉంటుంది, కదిలితే తనూ కదులుతుంది. సిలికాన్ జోలికి పోలేదు. ఒకసారి పూసిన చోట తర్వాత ఇంకేదీ అంటదు, సరిగ్గా గోకకపోతే సిలికాన్ మీద సిలికానూ అంటదు. స్టెయిన్‌లెస్ స్క్రూలు, వెడల్పు వాషర్లు, చేతి స్క్రూడ్రైవరు. వాషరు ప్లాస్టిక్‌ను తాకి ఆగేదాకా తిప్పి, అక్కణ్నుంచి అర చుట్టు వెనక్కి. ఈ అర చుట్టు వెనక్కి తిప్పడమే కష్టం. చెయ్యి ఒప్పుకోదు. ఇంకో పావు చుట్టు ముందుకు వేస్తే కదా పని పూర్తయినట్టు? వెనక్కి తిప్పిన ప్రతిసారీ ఏదో సగంలో వదిలేసినట్టే ఉంటుంది.

ఇంతవరకూ చెప్పని సంగతి ఒకటుంది. స్కర్టు విప్పి బోర్లా వేసినప్పుడు, వెనక చక్రం పైన పడే భాగంలో, నల్లటి చార కనపడింది. గోరుతో గీకితే రబ్బరు. టైరు ఎప్పుడో ఒకప్పుడు, ఏ గుంతలోనో, అక్కడిదాకా లేచి తగిలిందన్నమాట. బండి కిందికి దూరి టార్చి వేసి చూస్తే కమాను కట్టలు బాగానే ఉన్నాయి గానీ, వాటిని పట్టుకునే షాకిళ్ల దగ్గర బోల్టులు తిరిగే బెజ్జాల్లో నైలాన్ బుష్షులు అరిగి పీలికలయ్యాయి. బోల్టు ఇనుముకు ఇనుమే రాసుకుని బెజ్జం కోలగా సాగింది. ఇక్కడ బోల్టుకంటే బెజ్జం పెద్దదవడమే రోగం. పైన వదులు లేక, కింద వదులు ఎక్కువై, రెండింటి మధ్యలో ఆ ప్లాస్టిక్ అంచు. పగులు తెచ్చింది ఎండా, స్క్రూలా, టైరు దెబ్బా? మూడింట్లో ఎవరు మొదలుపెట్టారు, ఎవరు పూర్తిచేశారు? గ్రిఫిత్‌ను అడిగినా కొసను చూపిస్తాడేమో గానీ దోషిని చూపించడు. కంచు బుష్షులూ, గ్రీజు ఎక్కించే బెజ్జమున్న బోల్టులూ కలిసిన కిట్టు తెప్పించాం. వాటికి ఏడాదికోసారైనా గ్రీజు గన్ పట్టాలి. నాన్న ఆ మాట విని సంతోషించాడు, స్కర్టు సంగతికి అంత సంతోషించలేదు.

ఎడమవైపు స్కర్టు మాత్రం చెక్కుచెదరలేదు. అదే ప్లాస్టిక్, అంతే గట్టిగా బిగించిన స్క్రూలు, బుష్షులు కూడా ఇంచుమించు అంతే అరిగాయి. ఒకటే తేడా, బండి నిలిపి ఉంచే చోట ఆ పక్క గోడ నీడన ఉంటుంది, కుడిపక్క పడమటెండకు ఉంటుంది. అయితే అసలు నేరం ఎండదేనా, నా ఆరు మిల్లీమీటర్ల లెక్క కూడా ఎండ చలవేనా అని మళ్లీ మొదటికొచ్చింది. దాన్ని ముట్టుకోవద్దు, అలాగే ఉంచి ఎన్నాళ్లకు పగులుతుందో చూస్తే తెలుస్తుంది కదా అని మా ఆయన వాదన. ఇంజనీరు మనిషి, పోల్చి చూడ్డానికి ఒకటి మిగలాలంటారు. ఆ వాదనలో న్యాయం ఉంది. ఆయన ఆఫీసుకు వెళ్లిన పూట దాని స్క్రూలన్నీ అర చుట్టు వెనక్కి తిప్పేశాను.